దోమకొండ గడి: బురుజుల నుంచి అద్దాల మేడకు



సురవరం ప్రతాపరెడ్డిగారిని తలుచుకుంటూ కోటల గురించి మాట్లాడాలంటే కొంచెం జాగ్రత్తగా ఉండాలి. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాసిన మనిషి ఆయన. ఏ రాజు ఎవరిని గెలిచాడన్న దానికన్నా జనం ఏం తిన్నారు, ఎట్లా బతికారు అన్నదాని మీదే ఆయన చూపు. మన దోమకొండ కోటను ఈ పూట ఆ చూపుతోనే చూద్దాం.

కామినేనివారి ఏలుబడి మొదట భిక్కనూరులో ఉండేది. కుతుబ్‌షాహీల కాలంలో ‘షట్చక్రవర్తి చరిత్ర’ రాసిన మల్లారెడ్డి ఆ ఇంటివాడే. కామారెడ్డి, ఎల్లారెడ్డి అన్న ఊళ్ల పేర్లు కూడా ఆ వంశంవారి మీదుగానే వచ్చాయని మన పెద్దలు చెబుతారు. ఆ తర్వాత సంస్థానం దోమకొండకు మారింది. ఇప్పుడు మనం చూసే కట్టడాలు ఎక్కువగా 18వ శతాబ్దం నుంచి వచ్చినవి. ఆవరణ సుమారు 40 ఎకరాలు. లోపలి మహాదేవుని గుడిది కాకతీయుల తీరు.

మన కామారెడ్డి జిల్లాలోనే కౌలాస్ కోట ఉంది. అది గుట్ట మీది కోట. కొండే అక్కడ సగం కాపలా కాసింది. దోమకొండకు ఆ అండ లేదు. మైదానంలో కట్టారు కాబట్టి భారమంతా గోడ మీదే పడింది. అసఫ్‌జాహీలు, మరాఠాలు దక్కన్ కోసం కొట్లాడుకున్న రోజులవి. ఏ దండు ఎటునుంచి వచ్చి పడుతుందో తెలియదు. అందుకే ఆ బండరాళ్లు, ఆ గుండ్రటి బురుజులు.

1798లో నిజాం ఇంగ్లీషువారి సైన్యాన్ని తన ఖర్చుతో పెట్టుకోవడానికి ఒప్పుకున్నాడు. 1818 నాటికి మరాఠాల పీష్వా పని ముగిసింది. ఇక సంస్థానాధీశుడు బురుజెక్కి చూడటానికి శత్రువు లేడు. శిస్తు వసూలు చేసుకోవాలి, నిజాంకు పేష్కష్, అంటే కప్పం, కట్టాలి, తగవులు తీర్చాలి, వచ్చే అతిథుల ముందు దర్జా నిలుపుకోవాలి. గోడకు పెట్టే సొమ్ము లోపలి మేడలకు మళ్లిందంటే కారణం ఇదేనని నా అభిప్రాయం.

కోట లోపలి అద్దాల మేడలోకి అడుగుపెట్టినవారికి ఆ మార్పు కళ్లకు కడుతుంది. బయట కరుకు రాయి. లోపల నున్నటి గచ్చు, కమానులు, స్తంభాల వరుసలు, నడుమ నీళ్ల తొట్టి. గచ్చు పని తేలికైంది కాదు. సున్నం, ఇసుక గానుగలో మెత్తగా నూరాలి. బెల్లం, కరక్కాయ నీళ్లు కలపాలి. పూత మీద పూత వేసి మెరుపు వచ్చేదాకా రుద్దాలి. ఇంత నెమ్మదైన పని చేయించుకున్నవాడు ముట్టడికి భయపడుతున్నవాడు కాడు.

అయినా గోడ కూల్చలేదు. బయటి శత్రువు పోయాక ఆ గోడ ఎవరి కోసం నిలిచింది? తెలంగాణ పల్లెల్లో ‘గడి’, అంటే దొర కోట, అనగానే పాతతరం గొంతు ఎందుకు తగ్గుతుందో ఇక్కడున్నవారికి నేను చెప్పనక్కరలేదు. వెట్టి జ్ఞాపకం అది. మేడ అందాన్ని మెచ్చుకుంటూనే ఈ మాట కూడా చెప్పుకోవాలి. ఒకదాన్ని దాచి ఇంకోటి చెబితే అది చరిత్ర కాదు.

1949లో జాగీర్దారీ రద్దయింది. ఆదాయం పోయాక అంత పెద్ద ఇల్లు నిలబెట్టడం ఎవరి తరం? గోడల్లో చెట్లు మొలిచాయి, కప్పులు కుంగాయి. తర్వాత కామినేని కుటుంబమే పూనుకుని, పాత పనితనంతోనే బాగు చేయించింది. 2022లో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణకు యునెస్కో ఇచ్చే అవార్డుల్లో దోమకొండకు ‘అవార్డ్ ఆఫ్ మెరిట్’ దక్కింది. కోట ఆవరణ ఊరి వేడుకలకూ పనికి రావడాన్ని నేను అవార్డుకన్నా పెద్దదిగా చూస్తాను.

ఒక పని మాత్రం మిగిలే ఉంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి కాలేజీల్లో చరిత్ర చదివే పిల్లలకు నా విన్నపం. ఆ రాళ్లు మోసినవారి, ఆ గచ్చు నూరినవారి, గడిలో వెట్టి చేసినవారి ఇళ్లకు వెళ్లండి. ముసలివాళ్లు చెప్పేది రికార్డు చేయండి, రాసుకోండి. ఈ ఎండాకాలం సెలవుల్లోనే మొదలుపెట్టండి.