ఎక్కువ చదివి, తక్కువ రాసే పనికి ఏ ఎస్‌ఎస్‌డీ?

ఎస్‌ఎస్‌డీ కొనేటప్పుడు చాలామంది మొదట అడిగేది వేగం ఎంత అని. నేనైతే ముందు మీ పని ఏమిటని అడుగుతాను. పుస్తకాల స్కాన్లు, పాటలు, సినిమాలు, ఫొటోలు ఒకసారి ఎక్కించి పదేపదే తెరిచేవి. వీటికి క్యూఎల్‌సీ రకం డ్రైవ్ చాలు.

ఇందులో ఒక్కో మెమరీ సెల్‌లో 4 బిట్లు దాస్తారు, టీఎల్‌సీ అనే మరో రకంలో 3. తేడా ఒక్క బిట్టే కదా అనిపిస్తుంది గానీ, సెల్‌లో గుర్తుపట్టాల్సిన వోల్టేజి స్థాయిలు 8 నుంచి 16 అవుతాయి. అంత సన్నని తేడాలతో రాయాలంటే సమయం పడుతుంది, సెల్ కూడా త్వరగా అరుగుతుంది. చదవడం వల్ల అరుగుదల చాలా తక్కువ.

క్యూఎల్‌సీకి ఉదాహరణగా 2020లో వచ్చిన శాంసంగ్ 870 క్యూవీఓ 8 టెరాబైట్ల డ్రైవ్‌నే తీసుకోండి. చదివే వేగం సెకనుకు 560 మెగాబైట్ల దాకా. రాయడం కూడా మొదట్లో ఇంచుమించు అదే జోరు. తాత్కాలికంగా దాచుకునే 78 గిగాబైట్ల చోటు నిండిందా, వేగం సెకనుకు 160 మెగాబైట్లకు పడిపోతుంది. డ్రైవ్ నిండేకొద్దీ ఆ చోటూ తగ్గుతుంది, కాబట్టి కొంత ఖాళీ ఉంచాలి.

వారంటీ 3 ఏళ్లు, లేదా 2,880 టెరాబైట్ల రాత. రోజుకు 2.6 టెరాబైట్లన్నమాట. ఇంట్లో అంత రాసేదెవరండీ! నిత్యం మారే డేటాబేస్‌కు, భారీ వీడియో ఎడిటింగ్‌కు మాత్రం టీఎల్‌సీకే డబ్బు పెట్టండి. ఎప్పుడో ఒకసారి తెరిచే బ్యాకప్‌కైతే మామూలు హార్డ్ డిస్కే చవక, ఎస్‌ఎస్‌డీ దండగ.