కృత్రిమ కీలు – మన భక్షక కణాలు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో మోకాలో, తుంటో మార్పించుకున్నవారు తక్కువేమీ కాదు. “లోపల పెట్టిన ఇనుము తుప్పు పట్టదా?” అని అడిగేవారూ ఉన్నారు. అది మామూలు ఇనుము కాదు. అరిగే చోట సాధారణంగా వాడేది కోబాల్టు, క్రోమియం కలిసిన మిశ్రమలోహం. దాని విషయంలో తుప్పు కంటే అరుగుదల గురించే ఎక్కువ ఆలోచించాలి.

మన ఒంట్లో మాక్రోఫేజ్‌లనే భక్షక కణాలున్నాయి. పరాయి వస్తువు కనబడితే మింగడం వాటి పని. 1882లో ఇటలీలోని మెస్సీనాలో మెచ్నికోవ్ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు నక్షత్రచేప లార్వాలకు ముళ్ళు గుచ్చి, కణాలు వాటి చుట్టూ మూగడం చూశాడు. 1908లో నోబెల్ బహుమతి అందుకున్నవారిలో ఆయన ఒకరు.

సూక్ష్మక్రిమిని మింగితే ఈ కణం తనలోని ఆమ్లపు సంచిలో వేసి జీర్ణం చేసుకుంటుంది. లోహపు రజను మింగితే? తుంటి కీలులో బంతి, గిన్నె రెండూ లోహంతోనే చేసిన రకం ఒకటుంది. ఆ రెండూ ఒరుసుకుని రాలే రేణువుల్లో చాలావాటి పరిమాణం మిల్లీమీటరులో ఇరవై వేలవ వంతుకు అటూఇటూగా ఉంటుంది. భక్షక కణం వాటిని ఆబగా మింగుతుంది. జీర్ణం కావు సరికదా, ఆ ఆమ్లంలో కోబాల్టు కరిగి అయాన్లుగా మారి, మింగిన కణాన్నే చంపుతుంది. చచ్చిన కణంలోంచి లోహం బయటపడుతుంది. దాన్ని మరో కణం మింగుతుంది. మళ్ళీ అదే కథ. పోతూపోతూ ఈ కణాలు వదిలే రసాయన సంకేతాలకు వాపు వస్తుంది, లింఫోసైట్లు గుమిగూడతాయి, ఎముకను కరిగించే కణాలు రెచ్చిపోతాయి. ఎముక తగ్గితే కీలు పట్టు సడలుతుంది. కొందరిలో కీలు పక్కనే గడ్డలాంటిది ఏర్పడుతుంది. అది క్యాన్సరు కాదు.

ఇంకో చిత్రం ఉంది. బాక్టీరియా పై పొరను పసిగట్టేందుకు మన రక్షక కణాలకు ఒక గ్రాహకం ఉంది. నికెల్ నేరుగా దానికే అతుక్కుని, క్రిములు లేకుండానే అలారం మోగిస్తుందని 2010లో జర్మనీ పరిశోధకులు చూపారు. వాచీ చైను, చవక చెవిదుద్దులు కొందరికి దురద పెట్టడం వెనుక ఇదీ ఒక కారణం. కోబాల్టూ ఇలాగే చేస్తుందని తర్వాత తేలింది. ఎలుకల గ్రాహకానికి నికెల్ అలా అతుక్కోదు. ఎలుకను చూసి మనిషికి భరోసా ఇవ్వడం ఎంత కష్టమో చూడండి!

2010 ఆగస్టులో డీప్యూ కంపెనీ తన ఏఎస్ఆర్ తుంటి కీళ్ళను ప్రపంచమంతటా వెనక్కు తీసుకుంది. అప్పటికే సుమారు 93 వేల మందికి అమర్చారు. మనదేశంలోనూ అవి అమర్చినవారున్నారు.

మోకాలు మార్పించుకున్నవారు కంగారుపడనక్కర్లేదు. అక్కడ సాధారణంగా లోహం ప్లాస్టిక్ మీద జారుతుంది కాబట్టి లోహపు రజను చాలా తక్కువ. ప్లాస్టిక్ రజనుతోనూ ఎముక కొంత కరుగుతుందనుకోండి, అది వేరే సంగతి. లోహం–లోహం తుంటి ఉన్నవారు మాత్రం గజ్జల్లో నొప్పి, వాపు, కొత్తగా కుంటడం కనిపిస్తే వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి. ఏ బాధా లేకపోయినా అడపాదడపా పరీక్ష అవసరం. ఎక్స్‌రే బాగున్నంత మాత్రాన సరిపోదు. రక్తంలో కోబాల్టు, క్రోమియం పరీక్షించాలి. లీటరుకు 7 మైక్రోగ్రాములు దాటితే మరింత పరిశీలన కావాలని బ్రిటన్‌లో నిర్ణయించారు. కోబాల్టు మరీ పెరిగితే వినికిడి, చూపు, గుండె, థైరాయిడ్ దెబ్బతినవచ్చు.

ఏ రకం కీలు పెట్టారో తెలియకపోతే డిశ్చార్జి కాగితాలు వెతకండి. ఇంప్లాంటు పేరు, లాట్ నంబరు ఉన్న స్టిక్కరు వాటిలో అంటించి ఉండవచ్చు. లేకుంటే ఆసుపత్రి రికార్డులో అడిగి రాయించుకోండి. దొరికాక పీపీవో ఉన్న ఫైల్లోనే పెట్టుకుని, ఆ చోటు ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి.