పక్క చక్రాలు తీసేద్దాం
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ అనేది దయతో విదిలించేది కాదు, చేసిన సేవకు హక్కుగా రావలసినది అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందుకే ఏటా ఈ రోజున మనం కలుసుకుంటున్నాం. కరువు భత్యం గురించీ, వైద్య ఖర్చుల గురించీ నాకంటే బాగా తెలిసినవారు మాట్లాడతారు. నన్ను మనుమల గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి, ఉపన్యాసాలు చేతకావు. అనుభవం మీద తెలిసిన ఒక్క పని చెబుతాను. పిల్లలకు పక్క చక్రాలు లేకుండా సైకిలు నేర్పడం.

మనలో చాలామంది సైకిల్ అడ్వాన్సు తీసుకుని, నెలనెలా జీతంలో కోత పెట్టించుకుని సైకిలు కొన్నవాళ్ళమే. నేర్చుకున్నది మాత్రం అద్దె సైకిలు మీద. సీటు అందేది కాదు గనుక బారు కింద సందులోంచి కాలు దూర్చి తొక్కేవాళ్ళం. వెనక పట్టుకుని పరిగెత్తడానికి ఏ అన్నయ్యో, బాబాయో ఉండేవారు. ఇప్పుడు మనం పరిగెత్తుదామంటే మోకాళ్ళు ఒప్పుకోవు. పిల్లల తల్లిదండ్రులకు తీరిక ఉండదు. అందుచేత సైకిలు కొన్న రోజునే వెనక చక్రానికి అటొకటి, ఇటొకటి చిన్న చక్రాలు బిగించి ఇస్తున్నారు.

మా మనుమరాలికీ అలాగే బిగించారు. ఎనిమిదేళ్ళు వచ్చినా అవి ఊడలేదు. వేసవి సెలవులకు తెనాలిలో మా ఇంటికి వచ్చినప్పుడు సైకిలు కారు డిక్కీలో వేసుకొచ్చారు గాని, పిల్ల దాని ఊసెత్తలేదు. ఎందుకమ్మా అని అడిగితే, "మా అపార్టుమెంటులో అందరూ రెండు చక్రాల మీదే తొక్కుతారు తాతయ్యా. నాది గరగరమంటుందని నవ్వుతున్నారు. నేను కిందికి దిగడం మానేశాను" అంది. సైకిలు రాకపోతే కొంప మునగదు. కాని ఎనిమిదేళ్ళ పిల్ల సాయంత్రం ఆటకు దిగడం మానేసిందంటే చిన్న విషయం కాదు. తిరుగు ప్రయాణానికి పన్నెండు రోజులుంది.

పక్క చక్రాలతో వచ్చే చిక్కేమిటో ముందు చెబుతాను. నడుస్తున్న సైకిలు ఎడమకు ఒరిగితే హ్యాండిలు కాస్త ఎడమకే తిప్పాలి. అప్పుడు చక్రాలు మన బరువు కిందికి వచ్చి సైకిలు నిలబడుతుంది. కుడికైనా అంతే. మనం ఆలోచించకుండా చేసే పని ఇదే. పక్క చక్రాలుంటే సైకిలు సరిగా ఒరగనే ఒరగదు. పిల్లలు తొక్కడం నేర్చుకుంటారు గాని నిలదొక్కుకోవడం నేర్చుకోరు. ఆ చక్రాలు తీసిన రోజున మొదటికొస్తారు.

మరి ఏది ముందు నేర్పాలి? సైకిలు చరిత్రే దీనికి జవాబు చెబుతుంది. 1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ అనే ఆయన తయారు చేసిన రెండు చక్రాల బండికి పెడళ్ళే లేవు. మీద కూర్చుని కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోవడమే. ముందు చక్రానికి పెడళ్ళు పెట్టిన బండ్లు 1860లలో ఫ్రాన్సులో వాడుకలోకి వచ్చాయి. అంటే లోకం ముందు నిలదొక్కుకోవడం నేర్చుకుంది, తర్వాతే తొక్కడం. పిల్లలకూ అదే వరుస.

కనుక పక్క చక్రాలతో పాటు పెడళ్ళు కూడా తీయించాలి. సైకిలు షాపులో క్షణాల్లో తీస్తారు. ఇంట్లో తీసేవారు ఒకటి గుర్తుంచుకోండి. ఎడమ పెడలుకు మర ఎదురుగా ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. తర్వాత సీటు దించాలి. కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాలి. పెరిగే పిల్లలు గదా అని పెద్ద సైకిలు కొనవద్దు. సైకిలు పావడా కాదు, వదులుగా కుట్టించడానికి. గాలి, బ్రేకులు సరిచూడాలి. బ్రేకు పిల్ల వేళ్ళకు అందాలి. నెత్తిన హెల్మెట్, కాళ్ళకు బూట్లు ఉండాలి. చున్నీ, వదులు పైజామా గొలుసులో పడకుండా చూసుకోవాలి. చోటు చదునుగా, గట్టిగా, వాహనాలు రాకుండా ఉండాలి.

మేము పొద్దున్నే ఎండ రాకముందు మా వీధి చివర బడి మైదానానికి వెళ్ళేవాళ్ళం. మొదటి రోజు సీటు మీద కూర్చుని నడవడం, బ్రేకు వేసి ఆగడం, అంతే. రెండో రోజు పెద్ద అంగలు. మూడో రోజు నుంచి నేలను తన్ని రెండు కాళ్ళూ పైకెత్తడం. ముందు చక్రం వంక చూడవద్దు, ఎదురుగా ఉన్న వేపచెట్టును చూడమన్నాను. నేను కుర్చీ వేసుకుని కూర్చుని, కాళ్ళు గాలిలో ఉన్నంతసేపూ ఒకటి, రెండు అని లెక్క పెట్టి పాత డైరీలో రాసేవాణ్ణి. రిజిస్టరు రాయడం మనకు కొత్త కాదు గదా! మూడో రోజు రెండు, నాలుగో రోజు ఐదు. ఇరవై నిమిషాలు కాగానే, ఇంకా సరదా ఉండగానే ఆపేసేవాళ్ళం.

ఐదో రోజు పడింది. మోచేయి గీరుకుపోయింది. సంగతి తెలిసి మా అబ్బాయి ఫోను చేసి, "ఎందుకొచ్చిన గొడవ నాన్నగారూ, ఆ చక్రాలు మళ్ళీ పెట్టించండి" అన్నాడు. తండ్రి బెంగ తప్పు కాదు. నేను వాదించకుండా ఫోను పిల్లకిచ్చాను. "వద్దు నాన్నా, ఇవాళ తొమ్మిది వచ్చింది" అంది. దెబ్బ సంగతి చెప్పనే లేదు.

ఎనిమిదో రోజుకు అంకె ఇరవై దాటింది. ఆ సాయంత్రం పెడళ్ళు బిగించాం. మర్నాడు పొద్దున ఒక పెడలు ముందుకు, కాస్త ఎత్తులో పెట్టి, దాని మీద పాదం మోపి గట్టిగా తొక్కమన్నాను. రెండుసార్లు ఆగింది. మూడోసారి మైదానం ఆ చివరిదాకా వెళ్ళిపోయింది. నేను లెక్క మరిచిపోయాను.

ఊరెళ్ళాక మా కోడలు ఫోనులో చెప్పింది, పిల్ల సాయంత్రం పిలిచినా పైకి రావడం లేదట. నాకు అంతకంటే మంచి కబురు అక్కర్లేదు.

మిత్రులారా, పిల్లలందరికీ తొమ్మిది రోజుల్లో వస్తుందని నేననడం లేదు. కొందరికి రెండు రోజులు, కొందరికి నెల పట్టవచ్చు. పక్కింటి పిల్లవాడికి వచ్చిందే, నీకు రాలేదే అని మాత్రం అనకండి. పట్టుకోవలసి వస్తే హ్యాండిలు పట్టుకోవద్దు, ఆ తిప్పడమే వాళ్ళు నేర్చుకోవలసింది. భుజాల దగ్గర ఆనీ ఆననట్టు చెయ్యి ఉంచండి చాలు. పడితే పరిగెత్తుకెళ్ళి అరవకండి, వాళ్ళు ముందు మన ముఖం చూసి ఏడుస్తారు.

సంక్రాంతి సెలవులు నెల రోజుల్లో ఉన్నాయి. మనుమలు వస్తారు. అరిసెలు ఇంట్లో ఆడవాళ్ళు చూసుకుంటారు. మనం ఒక స్పానరు, ఒక కుర్చీ, ఒక డైరీ సిద్ధం చేసుకుందాం. పరిగెత్తే వయసు దాటినా, కూర్చుని లెక్క పెట్టే ఓపిక మనకుంది. పిల్లలకు కావలసిందీ అదే.