వైద్యం ఉద్యోగానికి అనుబంధమా, మనిషి హక్కా?

(జంషెడ్‌పూర్‌లోని అగ్రికోలో రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనం సమావేశమైన ఈ పేటకు వ్యవసాయ పనిముట్ల కర్మాగారం పేరు నిలిచింది. ఈ పట్టణంలో వైద్యం గురించి మాట్లాడేవారు ముందుగా ఒక సత్యాన్ని అంగీకరించాలి. 1912లో ఇక్కడ తొలి ఉక్కు తయారు కాకమునుపే, 1908లో ఆసుపత్రి వెలిసింది. 1915లో ఉద్యోగులకు ఉచిత వైద్యం ఏర్పడింది. ఏ చట్టమూ అడగని రోజులలో జరిగిన ఆ పనిని మేము తక్కువ చేయము. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాలనుండి వచ్చిన మనవారెందరో దానివల్ల బతికి బట్టకట్టారు.

అయితే ఆ మేలు మస్టరు రోలును బట్టి దక్కింది. నేటికీ అంతే. శాశ్వత కార్మికునికి కంపెనీ ఆసుపత్రి, కాంట్రాక్టు కార్మికునికి ఆదిత్యపూర్ ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి, మన రైల్వేవారికి రైల్వే ఆసుపత్రి. ఇళ్లలో అంట్లుతోమే ఆమెకు ఎం.జి.ఎం. ప్రభుత్వ ఆసుపత్రి వరుసయే గతి. ఇ.ఎస్.ఐ.కి 2017లో విధించిన పరిమితి నెలకు 21,000 రూపాయలు. వేతనం అది దాటితే, కొంతకాలానికి కార్డు పోతుంది. జీతం పెరిగినందుకు వైద్యం పోవడం ఏమి న్యాయమో!

మన ఇంటినే చూచుకుందాము. గ్రామీణ డాక్ సేవకుడు, అనగా నిన్నటి ఇ.డి. ఏజెంటు, మన సంచినే మోస్తాడు, మన ముద్రనే వేస్తాడు. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం మాత్రం అతనికి వర్తించదు. ప్లాట్‌ఫారం ఊడ్చే కాంట్రాక్టు కార్మికురాలికి రైల్వే ఆసుపత్రి కార్డు లేదు.

“ఉన్న మందులే మనకు చాలడం లేదు, అందరికీ తలుపు తెరిస్తే ఎలా?” అని మన సభ్యులే అడుగుతున్నారు. ఈ ప్రశ్నను మేము కొట్టివేయము. కాని కొద్దిమంది మాత్రమే వాడుకొనే ఆసుపత్రిలో డాక్టరు పోస్టు ఖాళీగా ఉంచితే ఊరిలో ఎవరికి పట్టింది? పైగా మన కార్డు కూడా ఎంతకాలం? రిటైరైన తపాలా ఉద్యోగి ఆ పథకపు డిస్పెన్సరీ లేని ఊరిలో స్థిరపడితే, రోజువారీ వైద్యానికి దక్కేది 2017లో నిర్ణయించిన 1000 రూపాయల నెలసరి భత్యం. చక్కెర వ్యాధి, రక్తపోటు ఉన్న దంపతులకు అది ఏ మూలకు?

హక్కు అనే మాట మనం కల్పించినది కాదు. 1992 జూలైలో పశ్చిమ బెంగాల్‌లోని మథురాపూర్ స్టేషనులో ఒక వ్యవసాయ కార్మికుడు రైలునుండి పడిపోయాడు. తలకు తీవ్రమైన గాయం. మంచాలు లేవనీ, సదుపాయం లేదనీ ఒకదాని తరువాత ఒకటిగా ప్రభుత్వ ఆసుపత్రులు తిప్పి పంపాయి. చివరకు ప్రైవేటు ఆసుపత్రిలో సుమారు 17,000 రూపాయలు ఖర్చయినవి. అతని సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. అత్యవసర వైద్యం నిరాకరించడం రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కును భంగపరచడమేనని, ధనం లేదన్న సాకు చెల్లదని 1996 మేలో తీర్పు వచ్చింది. 25,000 రూపాయల పరిహారం ఇప్పించారు. వ్యవసాయ కూలీల సంఘం సాధించిన ఆ తీర్పు మన శాఖల గోడలపై ఎందుకు లేదు?

ఆ తీర్పు అత్యవసర చికిత్సకు సంబంధించినది. 2018 సెప్టెంబరు 23న మన రాంచీలోనే ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ పథకం కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయలవరకు ఆసుపత్రి ఖర్చు భరిస్తుంది. మంచిదే. ఆసుపత్రిలో చేరనవసరంలేని రోగి ప్రతినెలా కొనుక్కొనే మాత్రలకు అది అక్కరకు రాదు. గుండె ఆగేదాకా ఆగి, తరువాత లక్షలు చెల్లించే ఏర్పాటు కంటే, పేటలో డాక్టరూ మందులూ ఉన్న డిస్పెన్సరీ చవక. 1946లో భోర్ కమిటీ, చెల్లించగల శక్తి లేదని ఎవరికీ వైద్యం అందకుండా పోరాదని చెప్పింది. 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025 నాటికి స్థూల దేశీయోత్పత్తిలో 2.5 శాతం ప్రభుత్వ వ్యయం లక్ష్యమన్నది. ఆ గడువు గడిచిపోయింది.

కనుక రాబోయే కోర్కెల పత్రంలో మన మెడికల్ బిల్లుల రీయింబర్స్‌మెంటుకన్న ముందు రెండు అంశాలు చేర్చవలెనని ప్రతి శాఖనూ కోరుతున్నాము: గ్రామీణ డాక్ సేవకులకు కేంద్ర ఆరోగ్య పథకం, రైల్వే ఆవరణలో పనిచేసే ప్రతి కాంట్రాక్టు కార్మికునికీ రైల్వే ఆసుపత్రిలో ఓ.పి. చీటీ. ఆపై ఎం.జి.ఎం. వరుసలో నిలిచేవారితో కలిసి, పేటపేటకూ ప్రభుత్వ డిస్పెన్సరీ కావాలని కలెక్టరు కార్యాలయానికి నడుద్దాము. తీర్మానం ప్రతులు బల్లమీద ఉన్నవి, చదివి సంతకాలు చేయండి.