కావలియుండు సమాధానము

(జగ్గయ్యపేట, నందిగామ సంఘముల ఉమ్మడి కూడికలో చేసిన ప్రసంగము)



చింత అనగా ఏమిటో మన మెట్ట ప్రాంతపు వారు పుస్తకములు చూచి నేర్చుకొనవలసిన పని లేదు. వాన రాకపోయిన చింత. ప్రత్తి పగిలిన వేళ వచ్చిన చింత. మిరపకాయ కల్లములో ఎండుచుండగా మబ్బు పట్టినదా, ఆ రాత్రి ఇంటిల్లిపాదికి నిద్ర ఉండదు. అట్టివారికి "చింతపడకుడి" అని చెప్పుట బహు సులభము. నేనును అట్లే చెప్పి ఒక తప్పు చేసితిని. ముందుగా దానిని ఒప్పుకొందును.

2024 వేసవిలో ఒక కౌలు రైతు ఆరాధన ముగిసిన పిమ్మట నా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, రాత్రిళ్లు నిద్ర పట్టటం లేదండీ" అనెను. నాకు మరియొక గ్రామములో ఆరాధనకు వేళ మించిపోవుచుండెను. ఫిలిప్పీ పత్రిక 4వ అధ్యాయము 6వ వచనము చదువుకొమ్మని, విశ్వాసము బలపరచుకొమ్మని చెప్పి, తలపై చేయి ఉంచి ప్రార్థించి బండి ఎక్కితిని. ఆయన తల ఊపెను. ఆ తరువాత చాల ఆదివారములు ఆయన గుడికి రాలేదు.

ఆ సంవత్సరమే సెప్టెంబరు 1వ తేది ఆదివారమున వచ్చిన వరద మీకందరికి జ్ఞాపకమే. మునేరు పొంగి ఐతవరం వద్ద జాతీయ రహదారి మునిగెను. బెజవాడలో బుడమేరు ఇండ్ల మీదికి వచ్చెను. మా అమ్మాయి అక్కడనే హాస్టలులో చదువుకొనుచుండెను. ఫోను కలియలేదు. నేను నందిగామలో ఒక విశ్వాసి ఇంటి వసారాలో చిక్కుకొంటిని. ప్రార్థింప మోకరించితిని గాని మాటలు రాలేదు. వేదాంత కళాశాలలో ప్రార్థనను గూర్చి వ్యాసములు వ్రాసిన నాకు ఆ రాత్రి ఒక్క వాక్యము కుదరలేదు.

ఆ వసారాలోనే ఏటి ఒడ్డు పల్లె నుండి వచ్చిన ఒక మామ్మ ఉండెను. ఆమె గోడవైపు తిరిగి పైకే ప్రార్థన చేసెను. కూలికి బెజవాడ వెళ్లిన మనవడు, కట్టు విప్పి వదలి వచ్చిన రెండు మేకలు, నానిన మట్టిగోడ, పదవ తేదికి కట్టవలసిన డ్వాక్రా వాయిదా — ఒక్కొక్కటిగా పేరు పెట్టి ప్రభువుతో చెప్పెను. తనకు ఆ పూట అన్నము పెట్టిన ఇంటివారిని బట్టి స్తోత్రము చెల్లించెను. పిమ్మట కొంగు కప్పుకొని పండుకొనెను.

"మామ్మా, అన్నీ లెక్క పెట్టినట్టు చెప్పావేం?" అని అడిగితిని.

"పేరు పెట్టి చెప్పాలి అయ్యగారూ. ఊరికే కష్టం కష్టం అంటే ఏ కష్టమో నాకే తెలవదు. అప్పుడు అదంతా కలిసి గుండె మీద కూకుంటది" అనెను.

ప్రియులారా, నేను ఆ రైతుకు చెప్పి వచ్చిన వచనమునకు అర్థము నాకు ఆ రాత్రి తెలిసినది. పౌలు చింతపడవద్దని చెప్పి ఊరకుండలేదు. కృతజ్ఞతతో కూడిన విన్నపములు దేవునికి తెలియజేయుమనెను. తాను బంధకములలో ఉండి ఈ మాట వ్రాసెను. అట్లు చేసినవారికి చెర తలుపులు తెరువబడునని ఆయన అనలేదు; దేవుని సమాధానము వారి హృదయములకు కావలి కాయునని 7వ వచనములో వ్రాసెను. ఆ గ్రీకు మాట సైనికులు పట్టణమునకు కాపలా కాయుటకు వాడు మాట. మన మాటలో చెప్పవలెనన్న, అది కల్లము కాపలా వంటిది. కాపలావాడు వానను ఆపలేడు. అయినను అతడు ఉన్నాడన్న ధైర్యముతో ఇంటివారు కన్ను మూయుదురు.

ఈ విధముగా అడుగుట మన నేలకు క్రొత్త కాదు. సి.ఎం.ఎస్. వారి తెలుగు మిషను 1841లో మచిలీపట్టణమున ప్రారంభమైనది. ఆ సువార్త తన చెవిని పడక మునుపే రాఘవాపురము వాస్తవ్యుడైన పగోలు వెంకయ్యగారు విగ్రహములను విడిచి, పేరు ఎరుగని దేవునికి ప్రార్థించుచుండెను. నీవెవరవు, ఎక్కడనున్నావు, నాకు కనబడుమని ఆయన వేడుకొనెను. జవాబు వెంటనే రాలేదు. కడకు బెజవాడలో డార్లింగు దొరగారి వలన సువార్త విని, 1859లో బాప్తిస్మము పొంది, జీవితాంతము ఆ వార్త చాటెను. ఆయనకు దేవుని పేరు తెలియదు గాని తనకు కావలసినది స్పష్టముగా తెలియును. మనకు దేవుని పేరు తెలియును. మన చింతల పేర్లు చెప్పుటకే సిగ్గుపడుచున్నాము.

ఆ రాత్రి నేనును నా భయమునకు పేరు పెట్టి చెప్పితిని. వరద తీయలేదు, ఫోను కలియలేదు. అయినను తెల్లవారుజామున కొంతసేపు నిద్రపోతిని. మరునాటి సాయంత్రము అమ్మాయి గొంతు వింటిని. మామ్మ మనవడు మూడవ నాడు చేరెను. ఆమె గోడ కూలినది, మేకలలో ఒకటి పోయినది. వాటిని గూర్చియు ఆమె ప్రభువుతో చెప్పి యేడ్చెను. సమాధానము అనగా కన్నీరు లేకపోవుట కాదు.

ఆ వారములోనే నేను ఆ రైతు ఇంటికి వెళ్లితిని. ఈసారి వచనము చెప్పలేదు. "అప్పు ఎంత? ఎవరికి?" అని అడిగితిని. ఆయన చాలసేపు నేల చూచి, ఒక్కొక్కటి చెప్పెను. భార్యకు సహితము తెలియని అప్పులు అందులో ఉండెను. బ్రతుకు మీద ఆశ విడిచిన రాత్రులను గూర్చియు చెప్పెను. నేను భయపడితిని. ఆ మాటలనే ఇద్దరము ప్రార్థనగా దేవునికి చెప్పితిమి. మరునాడు ఆయనను వైద్యుని యొద్దకు తోడుకొని పోతిని. ఆయన సమ్మతితో సంఘపెద్దలు ఇద్దరు అప్పులవారితో మాటలాడి గడువు అడిగిరి. అప్పు ఇంకను ఉన్నది. ఆయనయు ఉన్నాడు, నేడు ఈ కూడికలో మన మధ్య కూర్చుండి యున్నాడు.

కాబట్టి ఎవరైన నిద్ర పట్టుట లేదని మీతో చెప్పిన యెడల, త్వరపడి విశ్వాసము తక్కువని అనకుడి. కూర్చుండి వినుడి. మందు అవసరమైన మందు ఇప్పించుడి. అది అవిశ్వాసము కాదు. మీరే ఆ స్థితిలో ఉన్న యెడల ఈ రాత్రి మీ చింతలకు ఒక్కొక్కదానికి పేరు పెట్టి ప్రభువుతో చెప్పుడి. వాటిలో ఒకదానినైన ఒక మనిషితో కూడ చెప్పుడి. కావలి కాయువాడు మేలుకొనియే యున్నాడు. ఆమెన్.