పదహారేళ్ల మనసుకు ప్రాథమిక అంచనా



ఎవరి స్మృతిలో మనం ఏటా ఇలా కలుస్తున్నామో ఆ న్యాయవాది గారికి పొగడ్తలు గిట్టేవి కావు. అందుకని నేరుగా విషయానికి వస్తాను. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలోని 15వ సెక్షన్ గురించి మాట్లాడతాను.

2012 డిసెంబరు ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన నిందితుల్లో ఒకడు మైనరు. మూడేళ్లకే బయటికొస్తాడా అని దేశమంతా మండిపడింది. ఆ కోపంలోంచి పుట్టిన సెక్షన్ ఇది. కనీస శిక్ష 7 ఏళ్లు, ఆపైన ఉన్న నేరం మోపినప్పుడు, కుర్రాడికి 16 నిండి 18 నిండకపోతే, జువెనైల్ జస్టిస్ బోర్డు ‘ప్రాథమిక అంచనా’ వేయాలి. ఆ నేరం చేసే మానసిక, శారీరక సామర్థ్యం ఉందా? పర్యవసానాలు తెలుసా? ఏ పరిస్థితుల్లో చేశాడంటున్నారు? దాన్నిబట్టి పెద్దవాడిలా విచారించమని బాలల కోర్టుకు పంపవచ్చు. ఇది విచారణ కాదని చట్టమే చెబుతోంది.

సరే, కాదు. మరి సైకాలజిస్టు ముందు కూర్చున్న కుర్రాడు “నేను చెయ్యలేదు” అంటే? ఎందుకు చేశావన్న ప్రశ్నే అక్కడితో ఆగిపోవాలి. ఆగదు. పశ్చాత్తాపం కనబడలేదని రాస్తారు. లాయరు చెప్పాడని నోరు మెదపకపోతే సహకరించలేదని రాస్తారు. చేశానని ఏడిస్తే ఇక చెప్పేదేముంది! నేరం రుజువు కాకముందే నేరస్థుడి మనసును కొలవమనడంలోని చిక్కు ఇదే. ఏ మార్గదర్శకాలు రాసినా ఇది తీరేది కాదని నా అభిప్రాయం.

“చంపితే ఏమవుతుందో తెలుసా?” అని అడిగితే ఐదో తరగతి పిల్లాడైనా తెలుసనే అంటాడు. నింపాదిగా కూర్చుని ఆలోచించేటప్పుడు పదహారేళ్లవాడి తెలివి పెద్దవాళ్లకు ఏమంత తీసిపోదు. పక్కన స్నేహితులుంటేనే లెక్క తప్పుతుంది. అమెరికాలో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు 2005లో వీడియో డ్రైవింగ్ ఆటతో చూపించింది అదే: తోటివాళ్లు చూస్తుంటే కుర్రాళ్లు ఎక్కువ ప్రమాదాలకు తెగించారు, పెద్దవాళ్లలో ఆ తేడా కనబడలేదు. మన అంచనా గదిలో స్నేహితులుండరు. కుర్చీ, బల్ల, అబ్జర్వేషన్ హోంలో కొన్ని వారాలు గడిపిన భయం, అంతే.

ఆ బల్ల మీద పెట్టే పరీక్షల సంగతి గురుగ్రామ్ పాఠశాల హత్య కేసులో బయటపడింది. 2017లో ఆ హత్య జరిగేనాటికి నిందితుడికి 16 దాటాయి. అతనికి పెట్టిన పరీక్షల్లో ఒకటి 11 ఏళ్ల లోపు పిల్లలకు, ఇంకొకటి 15 ఏళ్ల లోపు వాళ్లకు తయారుచేసినవి! పన్నెండేళ్లవాడికి కుట్టిన చొక్కా తొడిగి, ఒళ్లు పెద్దదని తేల్చినట్టుంది. హైకోర్టు 2018లో ఆ అంచనాను కొట్టేసింది. 2022 జూలైలో సుప్రీంకోర్టు దాన్ని సమర్థిస్తూ, బోర్డులో పిల్లల మనస్తత్వ శాస్త్రం గానీ మానసిక వైద్యం గానీ చదివినవాళ్లు లేకపోతే నిపుణుల సాయం తీసుకోవడం తప్పనిసరి అంది. చట్టంలో మాత్రం ‘తీసుకోవచ్చు’ అని ఉంది. జాతీయ బాలల హక్కుల కమిషన్ 2023లో మార్గదర్శకాలూ విడుదల చేసింది. మంచిదే.

అయితే సుప్రీంకోర్టు తీర్పు వచ్చేనాటికి ఆ కుర్రాడికి 21 దాటాయి. అయిదేళ్ల కిందటి మనసుకు మళ్లీ అంచనా వేశారు. అక్టోబరులో బోర్డు, పెద్దవాడిలా విచారించాలన్న మొదటి నిర్ణయానికే వచ్చింది.