చిత్రశాలా సందర్శనము – కాలనిర్ణయము
(ప్రసంగ పాఠము)



కాలనిర్ణయముతో కూడిన దర్శనము తెలుగువారికి క్రొత్తది కాదు. తిరుమల యాత్రకు బయలుదేరువాడు దర్శనపు టిక్కెట్టుపై ముద్రితమైన వేళను చూచుకొని, దానికి అనుగుణముగా రైలును, బసను ఏర్పాటు చేసికొనుచున్నాడు. స్వామి సన్నిధిలో నిలుచుటకు లభించునవి కొన్ని క్షణములే. అయినను ఆ క్షణములకై అతడు ఇంటివద్దనే మనస్సును సిద్ధపరచుకొనును. కావుననే ఆ స్వల్పకాలము అతనికి కొఱతగా తోచదు. ఐరోపా ఖండమునందలి ప్రసిద్ధ చిత్రశాలలను చూడబోవు యాత్రికునకు ఈ అలవాటే చక్కని మార్గదర్శి.

ప్రభుత్వోద్యోగికి విదేశయాత్ర తఱచుగా లభించునది కాదు. సెలవు మంజూరు కావలెను. విదేశమునకు పోవుటకు శాఖ అనుమతి కావలెను. పెక్కేండ్లు కూడబెట్టిన సొమ్ము వ్యయమగును. పలువురకు అది జీవితమున ఒక్కమారే జరుగు యాత్ర. అట్టి యాత్రలో మంగళవారమునాడు పారిస్ నగరపు లూవ్రు చిత్రశాల ముంగిట నిలిచి, ఆ దినము దానికి సెలవని తెలిసికొనుట ఎంతటి ఆశాభంగము! మరునాటి ఉదయమే రైలెక్కవలసియున్నచో ఆ నష్టమునకు పరిహారమే లేదు. నగరములను, రైళ్లను, బసలను ముందుగా నిర్ణయించి, చిత్రశాలలను మిగిలిన ఖాళీలలో ఇముడ్చుటయే ఇందుకు కారణము. ఈ క్రమమును తలక్రిందులు చేయవలెను.

మిలాను నగరము ఇందుకు మంచి నిదర్శనము. అచ్చటి సాంతా మరియా దెల్లె గ్రాత్సియె మఠపు భోజనశాల గోడపై లియొనార్డో డావించీ 1495–1498 ప్రాంతమున ‘కడపటి విందు’ చిత్రమును రచించెను. తడిసున్నముపై త్వరితముగా చిత్రించు పద్ధతిని విడిచి, ఆరిన గోడపై నిదానముగా రంగులు వేయుటచే, చిత్రకారుని జీవితకాలముననే ఆ రంగులు చెదరనారంభించినవి. 1943 ఆగస్టులో బాంబుల దాడికి ఆ భోజనశాల చాలవరకు కూలినను, ఇసుక బస్తాల అండతో ఆ గోడ నిలిచినది. ఇరువది యేండ్లకు పైగా సాగిన పునరుద్ధరణ 1999లో ముగిసినది. జనుల ఊపిరిలోని తేమయు, దుస్తులతో వచ్చు ధూళియు ఆ చిత్రమునకు హానికరములు. కావున సందర్శకులను చిన్న జట్లుగా, గాలిని శుద్ధిచేయు గదుల గుండ పంపి, ఒక్కొక్క జట్టుకు 15 నిమిషములు మాత్రమే అనుమతించుచున్నారు. నేటి సందర్శకుడు వదలుకొను కాలమే ఆ చిత్రమునకు ఆయుర్దాయమగుచున్నది.

ఈ కాలనియమములు రెండు విధములు. మొదటి దానిలో ప్రవేశకాలము మాత్రమే నిర్ణీతము. లూవ్రు, ఫ్లారెన్సు నగరమునందలి ఉఫిజీ ఇట్టివి. లోనికి పోయిన పిమ్మట మూయువేళ వరకు ఉండవచ్చును. రెండవ దానిలో వెలుపలికి వచ్చు సమయము కూడ నిర్ణీతమే. మిలాను భోజనశాలయు, రోము నగరపు బోర్గీజు చిత్రశాలయు ఇట్టివి. బోర్గీజులో గడువు రెండు గంటలు. ఆలస్యముగా పోయినవాడు కోల్పోయిన నిమిషములను మరల పొందజాలడు.

సెలవు దినములను కూడ గుర్తుంచుకొనవలెను. లూవ్రునకు మంగళవారము, ఉఫిజీ, బోర్గీజు, మిలాను భోజనశాల, పారిస్‌లోని ఓర్సే చిత్రశాలలకు సోమవారము సెలవు. వాటికన్ ప్రదర్శనశాలలు నెలలోని కడపటి ఆదివారము తప్ప తక్కిన ఆదివారములలో తెరువబడవు. నెల మొదటి ఆదివారమున ఇటలీ ప్రభుత్వ చిత్రశాలలలో ప్రవేశము ఉచితము. కాని ఆనాటి జనసమ్మర్దమున మిగిలిన ధనముకంటె పోయిన కాలమే ఎక్కువ కావచ్చును. బయలుదేరుటకు ముందు ఆయా సంస్థల ప్రకటనలను మరల సరిచూచుకొనుట క్షేమము.

ఈ సంఘ సభ్యులకు ఉఫిజీ ప్రత్యేకముగా ఆసక్తి కలిగింపగలదు. ‘ఉఫిజీ’ యనగా కార్యాలయములని అర్థము. కోసిమో డి మెదీచీ ప్రభుత్వ కార్యాలయములకై 1560లో వసారీచేత ప్రారంభింపజేసిన భవనమది. ఆ వంశపు కడపటి వారసురాలు అన్నా మరియా లువీసా, తమ కళాసంపద ఫ్లారెన్సు నగరమును విడిచి పోరాదని 1737లో ఒడంబడిక చేసికొనెను. 1769లో చిత్రశాల ప్రజలకు తెరువబడినది. దస్త్రములకై కట్టిన భవనము నేడు బొత్తిచెల్లీ చిత్రములకు నెలవైనది.

ఇక ప్రణాళికా క్రమము. అన్నిటికంటె దుర్లభమైన వేళను మొదట సంపాదింపవలెను. మిలాను టిక్కెట్లు విక్రయమునకు వచ్చిన కొలదికాలములోనే చెల్లిపోవును. ఆ వేళను ముడిగా వేసికొని, తక్కిన రైళ్లను, బసలను దాని చుట్టును అల్లవలెను. వీసా చేతికి రాకముందే టిక్కెట్టు కొనవలసివచ్చినచో, ఆ సొమ్ము పోవుటకు సిద్ధపడి కొనవలెను. టిక్కెట్టుపై పేరు పాస్‌పోర్టులో ఉన్నట్లే ఉండవలెను. ఇంటిపేరు ముందు వ్రాసికొను తెలుగువారు ఈ విషయమున మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. విమానము దిగిన దినమున ఎట్టి నిర్ణీతకాలమును పెట్టుకొనరాదు. దినమునకు ఒక్క పెద్ద చిత్రశాల చాలును. వృద్ధులు వెంటనున్నచో ఉదయపు తొలివేళయే మేలు.

వేళ దొరికిన మాత్రమున దర్శనము సిద్ధింపదు. లూవ్రునకు 2024లో సుమారు 87 లక్షలమంది వచ్చిరి. వారిలో అనేకులు 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు గల ‘మోనాలీసా’ ఎదుట చేతులెత్తి ఛాయాచిత్రము తీసికొని వెడలిపోవువారే. పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలుచుండి నీళ్లు త్రాగుట మేలని తెలుగు సామెత. ప్రయాణమునకు ముందే ఐదారు కృతులను ఎన్నుకొని, వాటి చరిత్రను చదివి, ప్రతిబింబములను చూచి పోయినవానికి 15 నిమిషములు దీర్ఘకాలమే. ఏమియు ఎన్నుకొననివానికి దినమంతయు చాలదు.

ఈ అభ్యాసమును స్వదేశముననే మొదలుపెట్టవచ్చును. అమరావతి స్తూపపు శిలాఫలకములు కొన్ని లండనులోని బ్రిటిషు మ్యూజియమున ఉన్నవి. మరికొన్ని చెన్నైలోని ఎగ్మూరు ప్రభుత్వ ప్రదర్శనశాలలో ఉన్నవి. ఎగ్మూరు ప్రదర్శనశాలకు శుక్రవారము సెలవు. కృష్ణాతీరపు శిల్పి చెక్కిన ఒక్క ఫలకము ఎదుట పావుగంట నిశ్చలముగా నిలువ నేర్చినవాడు, మిలాను నగరమున ఆ 15 నిమిషములను వృథాపుచ్చడు. పిల్లలను వెంటబెట్టుకొని పోయినచో, ఆ నిలుకడ వారికిని అలవడును.

కాలమును నియమించునది చిత్రశాల. దానిని సార్థకము చేసికొనవలసినవాడు యాత్రికుడు. సభ్యుల యాత్రలు సఫలములగుగాక!